ఈ పూట తినడం వేరు, ఇష్టపడటం వేరు: పిల్లలకు కూరగాయలు అలవాటు చేయడంలో అసలు చిక్కు

పిల్లల చేత కూరగాయలు తినిపించడానికి పెద్దలు పడని పాట్లు ఉండవు. ఫోను చూపిస్తూ నోట్లో పెడతారు. ఇది తింటేనే మిఠాయి ఇస్తామంటారు. గుజ్జు చేసి ఇంకో వంటకంలో కలిపేస్తారు. కంచం ఖాళీ అయ్యేదాకా లేవనివ్వరు. వీటిలో చాలావరకు ఆ పూటకు పనిచేస్తాయి కూడా. చిక్కు అక్కడే మొదలవుతుంది. ఈ పూట కడుపులోకి వెళ్లిన ముక్కల లెక్క ఒకటి, ఆ కూరగాయ మీద బిడ్డకు ఏర్పడే ఇష్టం లెక్క ఇంకొకటి. మొదటి లెక్కను పెంచే పద్ధతులు కొన్ని రెండోదాన్ని దెబ్బతీస్తాయి. అందుకే ఎవరు ఏ చిట్కా చెప్పినా రెండు ప్రశ్నలు వేసుకోవాలి. దీనివల్ల ఈ పూట ఎంత తింటారు? ఆరు నెలల తర్వాత ఎవరూ చెప్పకుండానే తింటారా?

వద్దనడం మొండితనం కాదు

తీపిని ఇష్టపడటం పుట్టుకతో వస్తుంది. చేదును ఉమ్మేయడమూ అంతే. ప్రకృతిలో తీపి అంటే శక్తి, చేదు అంటే చాలాసార్లు విషం. కూరగాయల్లో చేదు, వగరు ఎక్కువ, శక్తి తక్కువ. పండు తిన్న నాలుకకు వెంటనే ఓ బహుమతి దొరుకుతుంది, పాలకూర తిన్న నాలుకకు అలాంటిదేమీ దొరకదు. కాబట్టి పండ్లంటే ఇష్టం దానంతట అదే వస్తుంది, కూరగాయలంటే ఇష్టం నేర్చుకోవాలి.

అందరి నాలుకా ఒకటి కాదు. 1931లో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రవేత్త ప్రయోగశాలలో ఒక పొడిని మారుస్తుండగా అది గాలిలోకి లేచింది. పక్కనున్న సహోద్యోగికి నోరంతా చేదైపోయింది. ఫాక్స్‌కు మాత్రం ఏ రుచీ తెలియలేదు. ఈ తేడాకు మూలం టీఏఎస్2ఆర్38 అనే జన్యువని తర్వాత తేలింది. క్యాబేజీ, బ్రాకలీ వంటి వాటిలోని చేదు కొందరికి గట్టిగా తగలడానికీ, కొందరికి తగలకపోవడానికీ ఈ జన్యువు ఒక కారణం. ఒకే రకం జన్యువున్న తల్లీబిడ్డల్ని పోల్చినా చేదు బిడ్డకే ఎక్కువగా తెలియవచ్చు. కాలీఫ్లవర్ సంగతి ఇంకా విచిత్రం. 2021లో వచ్చిన ఒక ఆస్ట్రేలియా పరిశోధన ప్రకారం, నోట్లోని సూక్ష్మజీవులు ఈ జాతి కూరగాయల్లోని ఒక పదార్థాన్ని విడగొట్టి గంధకపు వాసనగల ఆవిర్లు పుట్టిస్తాయి. ఆ ఆవిర్లు ఎక్కువగా పుట్టిన పిల్లలు వాటిని ఎక్కువగా అసహ్యించుకున్నారు. పెద్దల్లో ఆ సంబంధం కనబడలేదు. అంటే "కంపు కొడుతోంది" అని బిడ్డ అన్నప్పుడు అది నిజంగానే కొడుతూ ఉండవచ్చు.

దీనికి వయసు తోడవుతుంది. కొత్త ఆహారం అంటే భయం రెండేళ్ల ప్రాంతంలో పెరిగి, ఆరేళ్ల దాకా గట్టిగా ఉండి, తర్వాత మెల్లగా తగ్గుతుంది. నడక వచ్చి, కనబడిందల్లా నోట్లో పెట్టుకోగలిగే వయసులో ఈ జాగ్రత్త ఒకప్పుడు ప్రాణం కాపాడి ఉంటుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆకలీ తగ్గుతుంది. పుట్టిన బరువు ఏడాదికి సుమారు మూడింతలవుతుంది, రెండో ఏడు మొత్తం మీద పెరిగేది దాదాపు రెండు, రెండున్నర కిలోలే. ఎదుగుదల వేగం తగ్గితే తిండీ తగ్గుతుంది. నిన్నటిదాకా గుమ్మడి గుజ్జు గిన్నెడు తిన్న బిడ్డ ఉన్నట్టుండి మూతి తిప్పుకుంటే ఇంట్లో కంగారు పుడుతుంది, కంగారులోంచి బలవంతం పుడుతుంది. కవలల మీద జరిగిన 2007 నాటి ఒక బ్రిటన్ అధ్యయనం, 8 నుంచి 11 ఏళ్ల పిల్లల్లో ఈ కొత్త తిండి భయంలోని తేడాల్లో 78 శాతం వరకు వంశపారంపర్యమని తేల్చింది. మీ పెంపకం లోపం వల్ల ఇది రాలేదని దాని అర్థం. మారదని మాత్రం కాదు.

ఎన్నిసార్లు రుచి చూపించాలి

ఈ రంగంలో చాలా సంగతులకు పునాది వేసినవారు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త లియాన్ బర్చ్. 1982లో ఆమె బృందం రెండేళ్ల పిల్లలకు వాళ్లు ఎన్నడూ తినని చీజ్‌లు, పళ్లు ఇచ్చింది. కొన్నింటిని కొద్దిసార్లే, కొన్నింటిని 20 సార్ల దాకా ఇచ్చింది. ఎన్ని ఎక్కువసార్లు రుచి చూస్తే అంత ఇష్టం పెరిగింది. తర్వాతి పరిశోధనల్లో తేలిన లెక్క సుమారు 8 నుంచి 15 సార్లు. ఇంకో ముఖ్యమైన విషయం, ఇష్టం పెరగాలంటే నాలుకకు తగలాలి. ఊరికే కంచంలో చూస్తే చూపుకు అలవాటవుతుంది, రుచికి కాదు.

2007లో యూరప్‌లో ఏడు నెలల శిశువుల తల్లుల్ని, మీ బిడ్డ ఏ కూరగాయ గుజ్జును బొత్తిగా తినడం లేదని అడిగి, దాన్నే రోజు విడిచి రోజు 8 సార్లు పెట్టించారు. ఎనిమిదోసారికి చాలామంది పిల్లలు ఇష్టమైనదాన్ని ఎంత తింటారో దాదాపు దీన్నీ అంత తిన్నారు. తొమ్మిది నెలల తర్వాత కూడా 63 శాతం మంది మానలేదు. మరి ఇళ్లల్లో ఏమవుతుంది? 2004లో ఒక అమెరికా సర్వేలో మూడు నుంచి ఐదుసార్లు పెట్టి చూసి "మా బిడ్డకు ఇది నచ్చదు" అని నిర్ధారించుకున్నవాళ్లే ఎక్కువ. అంటే గమ్యం చేరకముందే ఆగిపోతున్నారు. ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుపెట్టుకోవాల్సి వస్తే ఆ తేడానే గుర్తుపెట్టుకోండి.

2003లో లండన్ పరిశోధకులు తల్లిదండ్రుల చేతనే 14 రోజులు చేయించిన పద్ధతి దాదాపు ఇదే. బిడ్డ వద్దనే కూరగాయల్లో మరీ అసహ్యం లేనిదాన్ని ఒకదాన్ని ఎంచుకోండి. రోజూ ఒకే సమయానికి, వీలైతే భోజనానికి ముందు ఆకలి మీద ఉన్నప్పుడు, బఠాణీ గింజంత ముక్క ఒకటి ఇవ్వండి. మీరూ ఒకటి నోట్లో వేసుకోండి. "రుచి చూడు, నచ్చకపోతే ఉమ్మేయొచ్చు" అనండి. ఉమ్మడానికి ఒక కాగితమో చిన్న గిన్నో దగ్గర పెట్టండి. ఆ ఒక్క అనుమతితో చాలామంది పిల్లల భయం సగం తగ్గుతుంది. నాలుకకు తాకించి తీసేసినా ఆ రోజుకు లెక్కే. తిన్నా తినకపోయినా రెండు నిమిషాల్లో ఆ సంగతి ముగించి మామూలు భోజనం పెట్టండి.

ఇంత సులువైన పని ఎందుకు చెడుతుందంటే, మొదటి కారణం పరిమాణం. ముక్కకు బదులు గరిటెడు పెడితే అది రుచి చూడటంలా అనిపించదు, పరీక్షలా అనిపిస్తుంది. రెండోది, రోజుకో రకంగా వండటం. ఈ రోజు ఉడికించి, రేపు వేయించి, ఎల్లుండి మసాలా పెడితే బిడ్డ లెక్కలో అవి మూడు కొత్త వస్తువులు. 1990లో బర్చ్, మరో పరిశోధకురాలు కలిసి పిల్లలకు టోఫూను (సోయా పాలతో చేసే పనీర్ లాంటిది) కొందరికి చప్పగా, కొందరికి ఉప్పుగా, కొందరికి తియ్యగా 15 సార్లు పెట్టారు. ఎవరికి ఏ రూపం అలవాటైతే వాళ్లు ఆ రూపాన్నే ఇష్టపడ్డారు, మిగతావాటికి ఆ ఇష్టం పాకలేదు. కాబట్టి ఒక రూపం కుదిరేదాకా అదే వంట, అదే కోత. కుదిరాక మెల్లగా మార్చండి. మూడోది, ముఖం చూసి తీర్పు చెప్పడం. కొత్త రుచికి కళ్లు చికిలించడం, ఒళ్లు జలదరించడం అసంకల్పిత చర్యలు. పసిపిల్లలు ముఖం వికారంగా పెడుతూనే తర్వాతి చెంచాకు నోరు తెరుస్తారు. చూడాల్సింది ఆ నోటినే.

జ్వరం, పళ్లు రావడం, ప్రయాణాలు ఉన్నప్పుడు ఆపేసి తర్వాత అందుకోండి. జబ్బుతో వాంతి అయిన రోజు తిన్న కొత్త పదార్థం మీద ఏళ్ల తరబడి ఏవగింపు ఉండిపోవచ్చు.

బలవంతం, లంచం, దాపరికం

2006లో అమెరికాలో బడికి వెళ్లే వయసు రాని పిల్లలకు రెండు రకాల కూరగాయల సూపు వారాల తరబడి ఇచ్చారు. ఒకదాన్ని "పూర్తిగా తాగు" అని మళ్లీ మళ్లీ చెబుతూ, రెండోదాన్ని ఏమీ అనకుండా. ఏమీ అననిదాన్నే ఎక్కువ తాగారు. ఒత్తిడి పెట్టినదాని గురించి చెడుగా అన్న మాటలు కూడా చాలా ఎక్కువ. ఇక్కడ రెండు లెక్కలూ నష్టమే. "ఒక్క ముద్ద, నా కోసం" అని బతిమాలడం కూడా బిడ్డ వైపు నుంచి చూస్తే ఒత్తిడే.

లంచం సంగతి కొంచెం మెలికతో కూడుకున్నది. "కూర తింటే ఐస్‌క్రీం" అన్నప్పుడు బిడ్డ నేర్చుకునేది, ఐస్‌క్రీం సంపాదించుకోవాల్సినంత విలువైనదనీ, కూర దానికోసం భరించాల్సిన పని అనీ. 1984లో బర్చ్ బృందం కొత్త రుచిగల పాల పానీయం తాగితే బహుమతి ఇస్తామని చెప్పినప్పుడు, ఆ పానీయం మీద పిల్లల ఇష్టం తగ్గింది. కానీ 2011లో లండన్‌లో 4 నుంచి 6 ఏళ్ల పిల్లలకు నచ్చని కూరగాయను 12 రోజులు రుచి చూపించి, కొందరికి స్టిక్కరు, కొందరికి మెచ్చుకోలు, కొందరికి ఏమీ ఇవ్వకుండా చూస్తే, మూడు జట్లలోనూ ఇష్టం పెరిగింది. మూడు నెలల తర్వాత కూడా ఎక్కువ తింటున్నది స్టిక్కరు, మెచ్చుకోలు అందుకున్న పిల్లలే.

ఈ రెండూ ఒకదానికొకటి విరుద్ధం కావు. రెండో ప్రయోగంలో అది పిల్లలు మొదటినుంచీ ఇష్టపడని వస్తువు, కాబట్టి తగ్గిపోవడానికి అక్కడ ఇష్టమంటూ ఏమీ లేదు. అడిగింది చిన్న ముక్క, గ్లాసు ఖాళీ చేయమని కాదు. ఇచ్చింది స్టిక్కరు, తిండి కాదు. ఈ మూడు షరతులూ కుదిరితే స్టిక్కరు వాడండి. రుచి చూడటం అలవాటైన కొద్దీ మానేయండి. ఇప్పటికే మామూలుగా తింటున్న కూరగాయకు బహుమతి పెట్టడం మాత్రం చేజేతులా చెడగొట్టుకోవడమే. కంచం ఖాళీ చేసినందుకు ఎప్పుడూ ఇవ్వకండి, అది కడుపు చెప్పే మాట వినడం మాన్పిస్తుంది.

గుజ్జు చేసి దాచిపెట్టడం వల్ల మొదటి లెక్క బాగానే పెరుగుతుంది. 2011లో పెన్సిల్వేనియాలో 3 నుంచి 5 ఏళ్ల పిల్లల ఆహారంలో కూరగాయల గుజ్జు కలిపితే, రోజు మొత్తంలో వాళ్లు తిన్న కూరగాయలు దాదాపు రెట్టింపయ్యాయి. రెండో లెక్కలో ఏమీ చేరదు. చూడని, పేరు తెలియని, పంటికి తగలని వస్తువును బిడ్డ ఎలా ఇష్టపడుతుంది? పోషణ కోసం కలపండి, కానీ అదే కూరగాయను కనబడేలా కూడా కంచంలో పెట్టండి. "ఇందులో ఏముంది?" అని అడిగితే నిజం చెప్పండి. అతి తక్కువ రకాలు తినే బిడ్డకు, నమ్మి తినే వంటకంలో ఏదో కలిపారని తెలిస్తే ఆ వంటకం కూడా మానేసే ప్రమాదం ఉంది. ఉన్న నాలుగు రకాలు మూడైతే నష్టం ఎక్కువ.

"తింటే బలం వస్తుంది, కళ్లు బాగా కనబడతాయి" అనే మాటలూ మనం అనుకున్నంత మేలు చేయవు. 2014లో వచ్చిన ఒక పరిశోధనలో, ఉపయోగం చెప్పి ఇచ్చిన ఆహారాన్ని చిన్నపిల్లలు తక్కువ తిన్నారు. మంచిదని అంతగా చెబుతున్నారంటే రుచిగా ఉండదేమోనని వాళ్ల తర్కం. కరకరలాడుతోంది, తియ్యగా ఉంది అని చెప్పడమే నయం. ఆహారం మీద కార్టూను బొమ్మ అంటిస్తే పిల్లలు ఎగబడి తింటారని కూడా తరచూ చదువుతుంటాం. ఆ మాటకు ఆధారంగా చూపిన ఒక ప్రసిద్ధ పరిశోధన పత్రాన్ని ప్రచురించిన పత్రికే 2017లో వెనక్కి తీసుకుంది. 8 నుంచి 11 ఏళ్ల వాళ్లని రాసిన పిల్లలు నిజానికి 3 నుంచి 5 ఏళ్ల వాళ్లు.

ఆకలి సమయం, వడ్డించే వరస

కూరగాయ ఓడిపోయేది చాలాసార్లు పోటీలో. కంచంలో తీపి, వేపుడు పక్కన పెట్టి దాన్ని గెలవమనడం అన్యాయం. 2010లో అమెరికాలో 3 నుంచి 5 ఏళ్ల పిల్లలకు మధ్యాహ్నం మిగతా భోజనం రాకముందే క్యారెట్ ఇచ్చి చూశారు. 30 గ్రాములు ఇచ్చినప్పటికంటే 60 గ్రాములు ఇచ్చినప్పుడు తిన్నది 47 శాతం పెరిగింది. 90 గ్రాములు ఇస్తే ఇంకేమీ పెరగలేదు. ఇక్కడ ఒక మాట తేల్చాలి. ఇప్పటికే తినే కూరగాయనైతే ముందుగా, ధారాళంగా పెట్టండి. కొత్తదాన్నైతే బఠాణీ గింజంతే. ఈ రెండింటినీ కలగలిపితే రెండూ చెడతాయి.

అన్నిటికంటే ముందు ఆకలి ఉండాలి. భోజనానికీ చిరుతిండికీ మధ్య రెండున్నర, మూడు గంటలు నీళ్లు తప్ప ఏమీ ఇవ్వకపోతే సగం సమస్య తీరుతుంది. ఏడాది దాటిన బిడ్డ రోజుకు అరలీటరుకు మించి పాలు తాగితే ఆకలి చస్తుంది, ఇనుము లోపానికీ దారి పడుతుంది. పళ్లరసం ఏడాదిలోపు వద్దనీ, 1 నుంచి 3 ఏళ్ల మధ్య రోజుకు 120 మిల్లీలీటర్లు దాటకూడదనీ అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2017లో చెప్పింది. "ఏమీ తినడం లేదు" అనే ఇంట్లో ముందు చూడాల్సింది పాలసీసా, బిస్కెట్ల డబ్బా.

పోషకాహార నిపుణురాలు ఎలిన్ సాటర్ చెప్పిన పని విభజన ఇక్కడ బాగా ఉపయోగపడుతుంది. ఏమి, ఎప్పుడు, ఎక్కడ అనేది పెద్దల నిర్ణయం. తినాలా వద్దా, ఎంత అనేది బిడ్డ నిర్ణయం. ప్రతి పూటా బిడ్డ తప్పక తినేది ఒకటి కంచంలో ఉండాలి. అది ఉంటే మీకు భయం ఉండదు, తన కోసం ఇంకో వంట చేయాల్సిన అవసరమూ రాదు. ఇరవై, ముప్పై నిమిషాలకు కంచం తీసేయండి.

తప్పు పొయ్యి దగ్గర జరిగితే

క్యాబేజీ జాతిని ఎంతసేపు ఉడికిస్తే గంధకపు వాసన అంత పెరుగుతుంది. కాబట్టి చిన్న ముక్కలు కోసి, ఆవిరి మీద ఐదారు నిమిషాలు చాలు. ఆకుపచ్చ రంగు మాసిన ఖాకీ రంగులోకి మారిందంటే పత్రహరితంలోని మెగ్నీషియం పోయిందని అర్థం, అంటే అతిగా ఉడికింది. ఉప్పు చేదును అణచి తీపిని పైకి తెస్తుందని రుచి పరిశోధకులు చూపారు. ఏడాది దాటిన పిల్లలకు చిటికెడు ఉప్పు, అర చెంచా నూనె లేదా వెన్న పడితే చేదు కూరగాయ స్వభావమే మారుతుంది. ఏడాదిలోపు ఉప్పు వద్దు. ఓవెన్ ఉంటే క్యారెట్, కాలీఫ్లవర్, గుమ్మడి ముక్కలకు నూనె పట్టించి 200 డిగ్రీల దగ్గర పాతిక నిమిషాలు కాలిస్తే అంచులు ఎర్రబడి తియ్యదనం తేలుతుంది. పళ్లెంలో ముక్కల మధ్య ఖాళీ లేకపోతే మాత్రం అవి కాలవు, ఉడికి మెత్తబడతాయి.

చాలామంది పిల్లలకు పేచీ రుచితో కాదు, నోటికి తగిలే తీరుతో. జారేవి, పీచుగా ఉండేవి, మెత్తటిదాంట్లో గట్టి ముక్క తగిలేవి వాళ్లకు పడవు. టమాటా వద్దన్న బిడ్డ గింజలు తీసేస్తే తినవచ్చు. ఉడికిన క్యారెట్ ఉమ్మేసే బిడ్డ పచ్చి తురుము తినవచ్చు. నాలుగేళ్లలోపు పచ్చి క్యారెట్ ముక్కలు, గుండ్రటి చక్రాలు ఇవ్వకూడదు, గొంతుకు అడ్డం పడతాయి. తురమాలి, లేదా వేలితో నొక్కితే నలిగేంత ఉడికించి పొడవుగా కోయాలి.

ఆరు నెలల దగ్గర అవకాశం

కొత్త తిండి భయం రాకముందు దొరికే ఒకటిన్నర ఏడాది చాలా విలువైనది. నిజానికి అంతకంటే ముందే మొదలవుతుంది. 2001లో అమెరికన్ పరిశోధకురాలు జూలీ మెనెల్లా బృందం గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు క్యారెట్ రసం తాగించి చూస్తే, వాళ్ల బిడ్డలు తర్వాత క్యారెట్ రుచిని సులువుగా అంగీకరించారు. తల్లి తిన్నవాటి రుచులు ఉమ్మనీటిలోకి, పాలల్లోకి వెళతాయి.

ఆరు నెలలకు ఘనాహారం మొదలుపెట్టినప్పుడు మొదటి రెండు వారాలు పండ్లతో కాక కూరగాయలతో గడపండి. నాలుగైదు రకాలను రోజుకొకటి చొప్పున తిప్పండి, చేదువాటినీ చేర్చండి. చేదు పోగొట్టడానికి ప్రతిదాంట్లో ఆపిల్ గుజ్జు కలిపితే బిడ్డకు అలవాటయ్యేది ఆపిలే. గుజ్జు దగ్గరే ఆగిపోకూడదు. బ్రిటన్‌లో వేలమంది పిల్లల్ని ఏళ్లపాటు గమనించినప్పుడు, తొమ్మిది నెలలు దాటాక గాని పలుకులుగా ఉన్న ఆహారం రుచి చూడని పిల్లలు ఏడేళ్ల వయసులో కూరగాయలు, పండ్లు తక్కువ తింటున్నట్టు తేలింది.

పక్కనున్నవాళ్లు

తోటి పిల్లలు తింటుంటే చూడటం, పెద్దలు ఎంత చెప్పినా రాని మార్పు తెస్తుంది. 1980లో బర్చ్, ఒక కూరగాయను కాదనే పిల్లల్ని దాన్ని ఇష్టపడే పిల్లల మధ్య భోజనానికి కూర్చోబెట్టారు. కొద్ది రోజుల్లోనే వాళ్ల ఎంపిక మారింది. పెద్దల విషయంలో, తినడం ఒక్కటే చాలదు, ముఖంలో ఇష్టం కనబడాలి. 2022 నాటి ఒక బ్రిటన్ ప్రయోగంలో, పెద్దలు పచ్చి బ్రాకలీని ఆనందంగా తింటున్న వీడియో చూసిన పిల్లలు సగటున 11 గ్రాములు తింటే, ఆహారంతో సంబంధం లేని వీడియో చూసినవాళ్లు 5 గ్రాములు తిన్నారు. నాన్న కంచంలో లేని కూరను బిడ్డ కంచంలో పెట్టి ఫలితం ఆశించడం కష్టం.

ఎప్పుడు డాక్టరుకు చూపించాలి

బరువు తగ్గడం లేదా నెలల తరబడి పెరగకపోవడం, తినే రకాలు ఇరవైలోపుకు పడిపోయి ఇంకా తగ్గుతూ ఉండటం, ముక్క తగలగానే వాంతి కావడం, మింగుతున్నప్పుడు తరచూ పొలమారడం, ఒక జాతి ఆహారం మొత్తం మానేయడం, ఇవి మామూలు మారాం కావు. వెనక మలబద్ధకం, కడుపులోంచి పులుపు పైకి తన్నడం, ఇనుము లోపం, నోటి కండరాల ఇబ్బంది ఉండవచ్చు. 2013 నుంచి వైద్యులు ప్రత్యేక సమస్యగా గుర్తిస్తున్న తీవ్ర ఆహార నిరాకరణ కూడా కావచ్చు. దానిని 14 రోజుల పద్ధతితో ఇంట్లో సరిచేయాలని చూడకండి.

మిగతావాళ్ల విషయంలో తొందర అక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పిన కొలత పండ్లు, కూరగాయలు కలిపి 2 నుంచి 5 ఏళ్లకు రోజుకు కనీసం 250 గ్రాములు, 6 నుంచి 9 ఏళ్లకు 350. పూటపూటా తూచకుండా వారం మొత్తం మీద చూసుకోండి. 15 సార్లు నిజంగా నాలుకకు తగిలాక కూడా వద్దంటే ఆ కూరగాయను రెండు నెలలు పక్కన పెట్టి, దాని రంగుకో రుచికో దగ్గరగా ఉన్న ఇంకోదాన్ని ఎత్తుకోండి. గుమ్మడి తినే బిడ్డకు చిలగడదుంప, అది కుదిరాక క్యారెట్. రెండు నెలలయ్యాక పాతదాన్ని మళ్లీ బఠాణీ గింజంత ముక్కతో మొదలుపెట్టండి.